పిలుపు శిక్షణ (కుక్కలు)

పిలుపు శిక్షణ అనగా గొలుసు గాని తాడు గాని లేకుండా బయట తిరుగుతున్న పెంపుడు కుక్క, యజమాని పిలిచిన వెంటనే తాను చేస్తున్న పనిని విడిచి అతని వద్దకు తిరిగి వచ్చే విధంగా అలవాటు చేయడం. కూర్చోవడం, పడుకోవడం, చేయి ఇవ్వడం వంటి విద్యలు చూసేవారికి వేడుకగా ఉంటాయి. కుక్క ప్రాణాన్ని కాపాడే విద్య మాత్రం ముఖ్యంగా ఇదే. ఉత్తర తెలంగాణలోని పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో (2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఇవి పలు జిల్లాలుగా విభజించబడినవి) వ్యవసాయ బావులు, కాలువలు, అడవి అంచు చేలు, గొర్రెల మందలు అధికంగా ఉండుటచే ఈ శిక్షణకు అక్కడ ప్రత్యేక ప్రాముఖ్యం కలదు. ఈ వ్యాసంలో శిక్షణా విధానం ఆ ప్రాంతపు పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని వివరించబడినది.

పిలిచే మాటలు

ఈ ప్రాంతపు పల్లెలలో కుక్కను దగ్గరకు పిలవడానికి "తూ తూ" అనే ధ్వనిని, దేనిమీదికైనా ఉసిగొల్పడానికి "ఉస్కో" అనే మాటను వాడతారు. "తూ తూ" అనగానే వాడకట్టులోని కుక్కలన్నీ పరుగెత్తుకొని వస్తాయి. వాటికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఆ ధ్వని వినిపించిన ప్రతిసారీ మిగిలిన అన్నమో, గటకో, రొట్టె ముక్కో దొరికినది గనుక అవి వస్తాయి. పిలుపు శిక్షణలోని మూలసూత్రం అంతా ఇందులోనే ఉన్నది. అయితే సొంత కుక్కను బయట పిలవడానికి ఈ ధ్వని పనికిరాదు, ఎందుకనగా పొలిమేరలోని ఊరకుక్కలు కూడా దానితోపాటే వస్తాయి.

చాలామంది యజమానులు ఎంచుకొనే మాట "రా". దీనితో మరొక చిక్కు ఉన్నది. తెలుగు ఇంటిలో ఈ అక్షరం వినిపించని నిమిషం ఉండదు. పిల్లలను పిలిచేటప్పుడు, స్నేహితులతో మాట్లాడేటప్పుడు, "తింటరా", "పోతరా" వంటి ప్రశ్నల చివర అదే ధ్వని వస్తుంది. రోజుకు వందసార్లు విన్నా తనకు ఏమీ జరగని మాటను కుక్క త్వరలోనే లెక్కచేయడం మానుతుంది. కుక్క పేరు పరిస్థితి కూడా ఇంతే. చెప్పు కొరికినప్పుడు, గడప తొక్కినప్పుడు అదే పేరుతో గద్దిస్తారు గనుక ఆ పేరులో మంచీ చెడూ కలిసిపోతాయి. అందువలన పిలుపు కొరకు ఇంటిలో మామూలుగా వాడని ఒక మాటను గాని, ఒకే వరుసలో ఊదే ఈలను గాని ప్రత్యేకించుకోవాలి. రెండు పొట్టి ఊదులు, ఒక పొడవు ఊదు అనుకుంటే ఎల్లప్పుడూ అదే వరుస ఉండాలి.

ఈలకు మరికొన్ని సౌకర్యాలు ఉన్నవి. దానిలో కోపం, భయం, అలసట వినిపించవు. ఇంటిలో ఎవరు ఊదినా ఒకే విధంగా ఉంటుంది. గాలి వీచే చెరువు కట్టపై మనిషి గొంతు కంటే ఎక్కువ దూరం వెళుతుంది. మనిషి సుమారు 20 వేల హెర్ట్జుల వరకు గల ధ్వనులను వినగలడు, కుక్క సుమారు 45 వేల హెర్ట్జుల వరకు వినగలదు. ఈ తేడా ఆధారంగా 19వ శతాబ్దంలో ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ మనిషి చెవికి అందని ఈలను తయారుచేశాడు. పిలుపు శిక్షణకు అటువంటిది తప్పనిసరి కాదు. నిజానికి ఊదే మనిషికి కూడా వినిపించే ఈలయే మేలు, లేనిచో తాను సరిగా ఊదినదీ లేనిదీ అతనికి తెలియదు.

ఉత్తర తెలంగాణలో అవసరం

పాశ్చాత్య దేశాల పుస్తకాలలో ఈ శిక్షణ కంచె వేసిన ఉద్యానవనాలను, పచ్చిక మైదానాలను ఊహించుకొని చెప్పబడినది. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో కుక్కను విప్పి వదిలే చోట్లు వేరు, అక్కడి అపాయాలు వేరు.

మొదటిది నీరు. ఈ ప్రాంతపు వ్యవసాయ బావులు చాలా వెడల్పుగా, లోతుగా తవ్వబడినవి. వాటిలో అనేకం గోడ లేకుండా నేలమట్టానికి తెరచి ఉంటాయి, వాడకం పోయిన బావుల అంచున పొదలు పెరిగి కనిపించవు కూడా. శ్రీరాంసాగర్ నుండి జగిత్యాల, కరీంనగర్ జిల్లాల మీదుగా వరంగల్ వైపు సాగే కాకతీయ కాలువకు వాలుగా ఉన్న సిమెంటు గట్లు ఉన్నవి. నీరు తాగడానికి దిగిన కుక్కకు గోళ్ళు పట్టు దొరకదు, ప్రవాహం దానిని లాగుకొని పోతుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైటు తీసి వదిలివేసిన క్వారీ గుంతలలో నీరు నిలిచి, నిట్టనిలువు గోడల మధ్య మడుగులై ఉన్నది. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల సరిహద్దున గోదావరిపై గల శివ్వారం వన్యప్రాణి సంరక్షణ కేంద్రం మొసళ్ళకు ప్రసిద్ధి. అక్కడి రేవులలో కుక్కను నీటిలోకి వదలడం తగదు.

రెండవది, అన్నిటికన్న భయంకరమైనది, చేల చుట్టూ అక్రమంగా అమర్చే కరెంటు తీగలు. అడవిపందుల బెడద నుండి పంటను కాపాడుకోవడానికి గాని, వేట మాంసం కొరకు గాని నేలకు జానెడు, మూరెడు ఎత్తులో సన్నని ఇనుప తీగ లాగి దానికి విద్యుత్తు కలుపుతారు. కవ్వాల్ పరిసరాలలో ఈ తీగలకు పులులు సైతం బలి అయినవి, మనుషులూ మరణించారు. కుక్క ఎత్తుకు ఆ తీగ సరిగ్గా ఛాతీకి తగులుతుంది. పందుల కొరకు పెట్టే నాటు బాంబులు, ఉచ్చులు కూడా ఇటువంటివే. తినే వస్తువులో చుట్టి పెట్టిన నాటు బాంబును మొదట నోట కరిచేది తరచుగా కుక్కయే. చీకటి పడిన తరువాత, తెల్లవారకముందు ఇటువంటి చేల వైపు కుక్కను వదలకుండుట ఎంత మంచి శిక్షణ కన్నా కూడా మంచి జాగ్రత్త.

మూడవది అడవి జంతువులు. 1965లో అభయారణ్యంగా ఏర్పడి 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించబడిన కవ్వాల్ అడవులు, చెన్నూరు వైపు ప్రాణహిత అభయారణ్యం, మహారాష్ట్రలోని తాడోబా నుండి పులులు రాకపోకలు సాగించే కాగజ్‌నగర్ అడవులు ఈ ప్రాంతంలోనివే. చిరుతపులికి కుక్క ఇష్టమైన ఆహారం. ఎలుగుబంటిని తరిమిన కుక్క భయపడి వెనుదిరిగినప్పుడు నేరుగా యజమాని వద్దకే పరుగెత్తుకొని వస్తుంది, దాని వెనుక ఎలుగుబంటి కూడా వస్తుంది. అపాయం రెండవ వైపు నుండి కూడా ఉన్నది. దుప్పులను, కృష్ణజింకలను, కుందేళ్ళను కుక్కలు తరిమి చంపుతాయి, కుక్కల జబ్బులు అడవి జంతువులకు అంటుకుంటాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవులలో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు వాటిలో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వ్యాధి వైరస్ బయటపడినది.

ఇవి కాక రామగుండం, మంచిర్యాల ప్రాంతాలలో సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్ళ శబ్దం ఉన్నది. పేలుడుకు బెదిరిన కుక్క ఏ పిలుపునూ వినే స్థితిలో ఉండదు. గనుల సమీప గ్రామాలలో పేలుళ్ళు జరిపే వేళలు అందరికీ తెలిసే ఉంటాయి. ఆ వేళకు, దీపావళి రోజులలో సాయంత్రం నుండి, కుక్కను కట్టివేయడమే సరియైన పని.

మంద కుక్కలు

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో ఉన్నది. ఆ సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలు. గొల్ల, కురుమ కాపరుల మందల వెంట కుక్కలు ఎల్లప్పుడూ తాడు లేకుండానే తిరుగుతాయి, అయినా తప్పిపోవు. దీనిని చూసి మంద కుక్కకు గొప్ప పిలుపు శిక్షణ ఉన్నదని అనుకోవడం పొరపాటు. బ్రిటన్‌లోని బోర్డర్ కోలీ వంటి జాతులు గొర్రెలను దూరం నుండి తోలుకొని వచ్చే కుక్కలు. కాపరి ఈలను బట్టి అవి కుడికి, ఎడమకు తిరుగుతాయి, ఆగుతాయి, వెనుకకు వస్తాయి. 1873లో వేల్స్‌లోని బాలా పట్టణంలో ఇటువంటి కుక్కలకు పోటీలు కూడా జరిగినవి. దక్కను పీఠభూమి మంద కుక్కలు తోలే కుక్కలు కావు, కావలి కుక్కలు. కళ్ళు తెరచిన నాటి నుండి గొర్రెపిల్లల మధ్య పెరుగుట వలన మందయే వాటికి ఇల్లు. తోడేలు, నక్క, చిరుత వచ్చినప్పుడు అరిచి తరిమి, కొంత దూరం పోయి తమంతట తామే మంద వద్దకు మరలుతాయి. ఎరువు కొరకు రైతులు తమ పొలంలో రాత్రిపూట మందను ఆపించుకొన్నప్పుడు కుక్కలు మంద చుట్టూ పడుకుంటాయి, కాపరి సద్ది విప్పినప్పుడు దగ్గరకు చేరుతాయి. కురుమల ఇలవేల్పు మల్లన్నకు మహారాష్ట్రలో ఖండోబా అని పేరు. ఆ దేవుని పటాలలో గుర్రంతోపాటు కుక్క కూడా కనిపించడం ఈ సహవాసం ఎంత పాతదో తెలుపుతుంది.

ఇంటి కుక్కకు అటువంటి మంద లేదు. దానిని వెనుకకు లాగేది యజమానిపై గల నమ్మకం ఒక్కటే, దానిని యజమానియే కూడబెట్టాలి.

మందలు ఉన్న చోట ఇంటి కుక్కను వదిలేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. గొర్రెలను తరమడం కుక్కకు ఆట కావచ్చును, కాపరికి అది నష్టం. చూడి గొర్రె బెదిరి పరుగెత్తితే ఈచుకుపోయే ప్రమాదం ఉన్నది. మంద కుక్కలు కొత్త కుక్కను చీల్చివేయగలవు, కాపరి కర్ర కూడా ఊరుకోదు. మంద కనిపించిన వెంటనే, కుక్క చూడకముందే, తాడు కట్టాలి.

కుక్క ఎందుకు రాదు

పిలిచినా రాని కుక్కను "మొండిది" అంటారు. చాలా సందర్భాలలో అది మొండితనం కాదు, లెక్క. వెళితే ఏమి దొరుకుతుంది, వెళ్ళకుంటే ఏమి దొరుకుతుంది అన్నది గత అనుభవాన్ని బట్టి కుక్క తేల్చుకుంటుంది. సాధారణంగా యజమాని కుక్కను ఎప్పుడు పిలుస్తాడో గమనిస్తే ఈ లెక్క అర్థమగును. ఇంటికి బయలుదేరేటప్పుడు, గొలుసు కట్టడానికి, స్నానం చేయించడానికి, మందు మింగించడానికి, తప్పు చేస్తే కొట్టడానికి పిలుస్తాడు. అనగా పిలుపు వినిపించినదంటే సుఖం ముగిసినదని అర్థం. అటువంటి పిలుపుకు రాకుండుట తెలివైన కుక్క లక్షణమే.

ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికా మనస్తత్వవేత్త సంతృప్తినిచ్చిన పని మరల మరల చేయబడుతుందని, బాధ కలిగించినది తగ్గిపోతుందని ప్రతిపాదించాడు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ ఆహారానికి ముందు ఒక సంకేతాన్ని వినిపిస్తూ పోతే, కొంతకాలానికి ఆ సంకేతం వినగానే కుక్క నోట లాలాజలం ఊరునని చూపాడు. ఈ రెండూ పిలుపులో కలిసి పనిచేస్తాయి. ఇరవై నిమిషాల పాటు వెతికించి చివరకు వచ్చిన కుక్కను కొట్టినచో, అది "పారిపోవుట తప్పు" అని నేర్చుకోదు. దెబ్బకు ముందు చివరగా చేసిన పని దగ్గరకు రావడం గనుక "దగ్గరకు వచ్చుట ప్రమాదం" అని నేర్చుకుంటుంది. ఎంత ఆలస్యంగా వచ్చినా, బురదలో దొర్లి వచ్చినా, వచ్చిన కుక్కను దండించరాదు. ఈ ఒక్క నియమాన్ని ఇంటిల్లిపాదీ పాటించకపోతే మిగిలిన శిక్షణ అంతా వృథా.

వయసు కూడా ఒక కారణం. నాలుగైదు నెలల పిల్ల యజమాని కాళ్ళ వెంటే తిరుగుతుంది, అది చూసి శిక్షణ అవసరం లేదనుకుంటారు. ఆరు నుండి పద్దెనిమిది నెలల మధ్య అదే కుక్క వినడం మానుతుంది. 2020లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఐదు నెలల వయసులో కంటే ఎనిమిది నెలల వయసులో కుక్కలు తమను పెంచేవారి ఆజ్ఞను తక్కువగా పాటించినట్లు, కొత్తవారి ఆజ్ఞను మాత్రం అంతగా నిర్లక్ష్యం చేయనట్లు తేలినది. ఈ దశ తాత్కాలికం. ఆ నెలలలో కుక్కను పొడవు తాడుపైనే తిప్పుతూ అభ్యాసం కొనసాగిస్తే తిరిగి దారికి వస్తుంది, విసిగి కొట్టడం మొదలుపెడితే రాదు.

శిక్షణా విధానం

శిక్షణ ఇంటి లోపల మొదలుకావాలి. కుక్క ఆకలిగా ఉన్నప్పుడు, ఒకటి రెండు అడుగుల దూరం నుండి, ఎంచుకున్న మాట చెప్పి లేక ఈల ఊది వెంటనే ఒక ముక్క ఆహారం ఇవ్వాలి. ఈ దశలో కుక్కను ఏమీ చేయమని అడగడం లేదు, ఆ ధ్వని వెంట మంచి జరుగుతుందని తెలియజేస్తున్నారు, అంతే. రోజుకు నాలుగైదు సార్లు, ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు చాలును. వారం రోజులలో ధ్వని వినగానే కుక్క తల తిప్పి పరుగున రావడం కనిపిస్తుంది. తరువాత గది మారి, పక్క గది నుండి, వాకిట నుండి పిలవాలి.

ఇచ్చే ఆహారం మామూలుగా దొరికేది కాకూడదు. రోజూ పెట్టే అన్నంలోని ముద్దకు చెరువు కట్టపై విలువ ఉండదు. ఉడికించిన మేక కార్జం, కోడిగుడ్డు, కోడిమాంసం, ఉప్పు లేని ఎండు చేప వంటివి శనగ గింజంత ముక్కలుగా కోసి, పిలుపుకు మాత్రమే ప్రత్యేకించాలి. ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది గనుక కూరలోని మాంసం ముక్కలను ఇవ్వరాదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషతుల్యమే.

కుక్క వచ్చినప్పుడు ముక్క ఇచ్చేముందు దాని మెడ పట్టీని మెల్లగా పట్టుకోవాలి. ఇది చిన్న విషయంగా తోచును గాని, చాలా కుక్కలు చేతికి అందీ అందనంత దూరంలో ఆగి గంతులు వేయడానికి కారణం పట్టీపై చేయి పడుట అలవాటు లేకపోవడమే. పట్టుకొని, ముక్క ఇచ్చి, మరల వదిలిపెట్టాలి. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తిరిగి ఆటకు వదలాలి. ఇష్టమైన పనిని మరొక పనికి బహుమానంగా వాడవచ్చునని అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ ప్రెమాక్ 1959లో వివరించాడు. వాసన చూచుట, పరుగెత్తుట కుక్కకు కార్జం కన్నా ఇష్టమైన సందర్భాలలో, దగ్గరకు వచ్చినందుకు "మరల పో" అని వదలడమే పెద్ద బహుమానం. ఇంటికి పోవడం కొరకు పిలవవలసి వచ్చినప్పుడు కూడా, వచ్చిన తరువాత కొద్ది నిమిషాలు ఆడించి ఆపై గొలుసు కట్టాలి.

బయట మొదటి నెలలు పొడవు తాడు తప్పనిసరి. 10 నుండి 15 మీటర్ల నూలు తాడు మంచిది, పాత ఎడ్ల పగ్గాలను ముడివేసి కూడా వాడుకోవచ్చును. సన్నని నైలాన్ తాడు జారినప్పుడు అరచేయి కాలుతుంది. తాడును మెడ పట్టీకి కాక ఛాతీ పట్టీకి కట్టాలి, లేనిచో పరుగు మధ్యలో తాడు బిగిసినప్పుడు గొంతుకు దెబ్బ తగులుతుంది. ఈ తాడు కుక్కను ఈడ్చుకొని రావడానికి కాదు. పిలుపును లెక్కచేయకుండా దూరం పోయి ఆనందించే అవకాశం లేకుండా చేయడానికి మాత్రమే. ఒకసారి పిలవాలి. రాకపోతే రెండవసారి అరవకుండా, తాడు పట్టుకొని దగ్గరకు నడిచి, ముక్కు దగ్గర ఆహారం చూపి వెనుకకు నడిపించాలి. పదే పదే పిలిచినచో నాలుగవ పిలుపు వరకు ఆగవచ్చునని కుక్క నేర్చుకుంటుంది. వచ్చే అవకాశం లేదని తోచినప్పుడు అసలు పిలవకపోవడమే ఉత్తమం, ఎందుకనగా వృథా అయిన ప్రతి పిలుపు ఆ మాట విలువను కొంత తగ్గిస్తుంది.

చోటును క్రమంగా కఠినం చేయాలి. వాకిలి తరువాత కంచె వేసిన మామిడి తోట, సెలవురోజున గేటు మూసిన పాఠశాల మైదానం, ఖాళీ కల్లం, ఆపై కోసిన వరి మడి, చివరకు చెరువు కట్ట. దూరం పెంచిన రోజు ఆకర్షణలు తగ్గించాలి, కోళ్ళు, మేకలు ఉన్న చోట అభ్యాసం చేసిన రోజు దూరం తగ్గించాలి. ఒక చోట పదింటికి తొమ్మిదిసార్లు వెంటనే వచ్చిన తరువాతనే తదుపరి చోటుకు పోవాలి. ఇద్దరు మనుషులు ఇరువైపుల నిలబడి వంతులవారీగా పిలవడం పిల్లలకు కూడా సరదాగా ఉండే అభ్యాసం. ఒక్కరే ఉన్నప్పుడు చెట్టు చాటున, గట్టు వెనుక దాగి పిలవవచ్చును. యజమాని కనిపించకుండా పోగలడని తెలిసిన కుక్క అప్పుడప్పుడు వెనుదిరిగి చూస్తుంది. పిలవకపోయినా అలా చూసి దగ్గరకు వచ్చినప్పుడు తప్పక బహుమానం ఇవ్వాలి. బాగా కుదిరిన పిలుపులో సగం ఈ వెనుదిరిగి చూసే అలవాటే.

అలవాటు స్థిరపడిన తరువాత ప్రతిసారీ ఒకే బహుమానం ఇవ్వనవసరం లేదు. ఒకసారి చిన్న ముక్క, ఒకసారి ఆట, ఒకసారి చేతినిండా కార్జం. ఎప్పుడు ఏమి దొరుకుతుందో తెలియని పనిని జంతువులు త్వరగా మానవని ఛార్లెస్ ఫెర్‌స్టర్, బి.ఎఫ్. స్కిన్నర్ 1957లో ప్రచురించిన పరిశోధనలు చూపినవి. అయితే పూర్తిగా మానివేయడం తప్పు. జీతం ఆగిన పనివాడు ఎంతకాలం వస్తాడో కుక్క కూడా అంతకాలమే వస్తుంది.

కొందరు విద్యుత్ షాక్ ఇచ్చే మెడ పట్టీలను వాడుతున్నారు. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పిలిస్తే రాని కుక్కలకే ఈ పట్టీలతోను, బహుమానాలతోను వేరువేరుగా శిక్షణ ఇచ్చి పోల్చగా, బహుమాన విధానమే మెరుగైన ఫలితాలు ఇచ్చినది. వేల్స్‌లో ఈ పట్టీలు 2010 నుండి నిషిద్ధం.

జాతి, ఋతువు

అన్ని కుక్కలూ ఒకే విధంగా నేర్వవు. కర్ణాటకలోని ముధోల్ పేరు గల ముధోల్ వేటకుక్క, తమిళనాడులోని రాజపాళయం, చిప్పిపారై జాతులు చూపుతో వేటాడేవి. కదిలే కుందేలు కనిపించిన క్షణంలో వాటికి చెవులు పనిచేయవన్నట్లే ఉంటుంది, పరుగు అందుకున్న తరువాత పిలిచి లాభం లేదు. ఇటువంటి కుక్కలకు పిలుపును పరుగు మొదలుకాకముందు, చెవులు నిక్కబొడుచుకొని నిలిచిన ఆ ఒకటి రెండు క్షణాలలో వాడాలి. కర్నూలు జిల్లాలోని పందికోన కుక్కలు కావలికి పేరుపొందినవి, అవి దూరం పోవుట తక్కువ గాని కొత్తవారు కనిపించినప్పుడు వెనుకకు పిలవడం కష్టం. నగరాలలో పెరిగిన లాబ్రడార్‌కు తిండి ఆశ ఎక్కువ గనుక శిక్షణ సులువు, అదే కారణంగా దారిలో పడి ఉన్న దేనినైనా మింగుతుంది. ఊరకుక్క పిల్లను తెచ్చి పెంచుకొన్నవారు దానికి శిక్షణ రాదని అనుకోవడం కేవలం అపోహ. ఊరి దారులు, వాహనాలు, ఇతర కుక్కల హద్దులు దానికి త్వరగా తెలుస్తాయి.

ఆదిలాబాదు ప్రాంతంలో అభ్యాసానికి అనువైన కాలం డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. వానాకాలం వరి కోతలు ముగిసి మడులు తెరపి ఇస్తాయి, పాముల సంచారం తగ్గుతుంది, ఉదయాలు చల్లగా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పత్తి, మక్క చేలు కుక్క కంటే ఎత్తుగా పెరుగుతాయి. పది అడుగుల దూరంలో ఉన్న కుక్క కనిపించదు, పైగా పత్తిపై చల్లిన పురుగుమందు కాళ్ళకు అంటుకొని, నాకినప్పుడు కడుపులోకి పోతుంది. మే నెలలో రామగుండం, ఆదిలాబాదులలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులలో సూర్యోదయానికి ముందు తప్ప కుక్కను పరుగెత్తించరాదు.

చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే పదానికి చంపుట మాత్రమే అర్థం కాదు. అడవి జంతువును వెంటాడి తరుముట కూడా అందులో చేరుతుంది. కుక్కను ఉసిగొల్పి కుందేలును తరిమించుట నేరమే. అడవి అంచు గ్రామాలలో పూర్వం కుక్కలతో సాగిన వేట ఈ చట్టంతో నిషిద్ధమైనది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన అధీనంలోని జంతువు వలన మనుషులకు ప్రమాదం కలుగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు గాని, ఐదు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చును.

అట్లని కుక్కను జీవితమంతా కట్టి ఉంచడం కూడా చట్టసమ్మతం కాదు. 1960 జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్, మరీ పొట్టిదైన లేదా మరీ బరువైన గొలుసుతో అనుచితంగా ఎక్కువ కాలం కట్టి ఉంచడాన్ని, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని హింసగా పేర్కొన్నది. కుక్కను బయటకు వదిలేముందు రేబిస్ టీకా వేయించి, మెడ పట్టీపై యజమాని ఫోను నంబరు రాయించుట అవసరం.

తిరిగి రానప్పుడు

ఎంత శిక్షణ ఇచ్చినా ఏదో ఒక రోజు కుక్క రాకపోవచ్చును. అప్పుడు వెంట పరుగెత్తరాదు. వెంబడించే మనిషి కుక్కకు ఆటలో జతగాడు, లేదా తరిమే శత్రువు, రెండు విధాలా అది మరింత దూరం పోతుంది. దాని దృష్టి పడేటట్లు చేసి వ్యతిరేక దిశలో పరుగెత్తడం, నేలపై కూర్చొని ఏదో దొరికినట్లు గడ్డిలో వెతకడం తరచుగా ఫలిస్తాయి. కుక్క ఉన్న వైపు బావి గాని, కాలువ గాని, రోడ్డు గాని ఉన్నప్పుడు "ఆగు" అనే ఆజ్ఞ తెలిసి ఉంటే దానిని వాడి, మెల్లగా దగ్గరకు పోవడం పిలవడం కన్నా క్షేమం.

చీకటి పడేవరకు కనిపించకపోతే చివరగా చూసిన చోటనే వేచి ఉండాలి. కుక్కలు చాలావరకు తాము వచ్చిన వాసన దారినే తిరిగి వస్తాయి. వేచి ఉండడం సాధ్యం కాకపోతే యజమాని ఒంటికి అంటిన గొంగడి గాని, తువ్వాల గాని అక్కడ పరచి, గిన్నెలో నీరు ఉంచి, తెల్లవారకముందే మరల పోయి చూడాలి. తిండి ఉంచితే ఊరకుక్కలు, పందులు చేరుతాయి గనుక అది వద్దు. సమీపంలోని గొర్రెల కాపరులకు, పసుల కాపరులకు, బావుల వద్ద మోటారు వేసే రైతులకు కబురు చెప్పాలి. చేలలో కరెంటు తీగలు ఎక్కడ ఉన్నవో కూడా వారికే తెలుసు గనుక రాత్రిపూట వారిని అడగకుండా చేలలో దిగి వెతకరాదు. కరెంటు తగిలి పడి ఉన్న కుక్క కనిపించినప్పుడు, సరఫరా నిలిపివేయబడినదని విద్యుత్ సిబ్బంది చెప్పేవరకు దానిని గాని, తీగను గాని తాకరాదు.